కందికట్టె కింద కప్ప

కప్ప గుండెకు మూడు గదులు. ఈ ముక్క నా సర్వీసులో ఎన్నిసార్లు బోర్డు మీద రాశానో నాకే తెలియదు. మా పిల్లల్ని నిద్రలో లేపి అడిగినా చెప్పేవారు. మరి ఆ గుండె ఉన్న కప్పను ఎప్పుడైనా చూశారా అంటే మాత్రం సగం క్లాసు ఒకరి మొహం ఒకరు చూసుకునేది. వాళ్ళకు తెలిసిన కప్పల్లా ఒకటే. మా ల్యాబ్ అలమరలో గాజు జాడీలో, ఫార్మలిన్‌లో మునిగి, రంగంతా పోయి, చేతులు పైకెత్తి ఉండేది. నేను ఉద్యోగంలో చేరేటప్పటికే అది అక్కడ సీనియర్.

ఇప్పుడు జువాలజీ చెబుతున్న మీలాంటి చిన్నవాళ్ళు నన్ను కలిసినప్పుడల్లా, పిల్లల్ని బయటికి తీసుకెళ్ళడానికి టైమెక్కడుంది మేడమ్ అంటుంటారు. నిజమే, లేదు. మాకూ లేదు. అయినా ఒక ఏడాది ఏం జరిగిందో చెబుతాను, వినండి. విన్నాక మీ ఇష్టం.

మా కాలేజీ సత్తెనపల్లి దాటాక రోడ్డు పక్కన ఉండేది. ముందు పత్తి చేలు, వెనక మిరప చేలు, మధ్యలో ఐదంతస్తుల రెసిడెన్షియల్ భవనం. డాక్టర్లు కావాల్సిన పిల్లలు పొద్దున లేచింది మొదలు పరీక్షలు రాస్తూనే ఉండేవారు. కిటికీలోంచి చేలు కనబడతాయి గానీ చేలోకి దిగడానికి వీల్లేదు. ఒక్క పూట బయటికి తీసుకెళ్తానండీ అని నేను ఏటా అడిగేదాన్ని. మా ప్రిన్సిపాల్ గారు లెక్కల మనిషి. పాము కరిస్తే తల్లిదండ్రులకు మీరు చెబుతారా నన్ను చెప్పమంటారా అని ఏటా అదే జవాబిచ్చేవారు. చెడ్డవాడేం కాదు. ఆయనకు కప్ప అంటే ఒక మార్కు, పాము అంటే ఒక కేసు, అంతే.

ఆ ఏడు మృగశిర కార్తెలో ఒక జల్లు పడింది. దుమ్ము అణిగింది, మట్టి వాసన వచ్చింది, ఊరంతా సంబరపడి పత్తి గింజలు పెట్టేసింది. ఆ తరవాత ఆకాశం మొహం చాటేసింది. తడికి ఉబ్బిన గింజలు మట్టిలోనే మాడిపోయాయి. మా హాస్టల్ మెస్‌లో వంట చేసే ఆమెకు కాలేజీ గోడ అవతల రెండెకరాల కౌలు చేను ఉంది. పొద్దున మాకు ఇడ్లీ పెట్టి, మధ్యాహ్నం చేలోకి పోయి, సాయంత్రం మళ్ళీ పొయ్యి దగ్గరికి వచ్చే మనిషి. ఆమె గింజలూ పోయాయి. ఎలాగో తిప్పలు పడి రెండోసారికి విత్తనం ప్యాకెట్లు కొనితెచ్చి ఇంట్లో ఉంచుకుంది. ఇది కూడా పోతే చేను వదిలేసి, ఇక జన్మంతా ఇతరుల చేలల్లో కూలికి పోవడమేనని మెస్‌లో అందరికీ తెలుసు. ఆమె నోటితో మాత్రం ఎప్పుడూ అనలేదు.

ఆరుద్ర కూడా పొడిగా పోతుంటే ఊళ్ళో ఆడవాళ్ళు కప్పతల్లిని తిప్పుదామనుకున్నారు. మీలో పట్నం పిల్లలకు తెలియకపోవచ్చు. వాన కోసం ఒక కప్పను రోకలికి వేపమండలతో కలిపి కట్టి, ఇద్దరు భుజాన వేసుకుని ఇల్లిల్లూ తిరుగుతారు. ప్రతి ఇంటివాళ్ళూ చెంబుతో దాని మీద నీళ్ళు పోస్తారు. అన్నీ సిద్ధం చేశారు గానీ ఊరంతా వెతికినా కప్ప దొరకలేదు. అప్పుడు వంటామె చేతులు కొంగుకు తుడుచుకుంటూ నా ల్యాబ్‌కు వచ్చింది.

"మేడంగారండీ, మీ దగ్గర కప్పలుంటాయంట గదా. ఒకటి ఇప్పిస్తారా? సాయంత్రం తిప్పుకుని మళ్ళీ తెచ్చిస్తాం."

నేను నవ్వాపుకుని జాడీ తీసి చూపించాను. ఆమె దాన్ని చాలాసేపు ఎగాదిగా చూసింది. చచ్చి ఎన్నాళ్ళయిందని అడిగింది. నేను రాకముందే అన్నాను. "అయితే దీనికి వాన సంగతేం తెలుసుద్దిలెండి," అని నాకే సానుభూతి చెబుతున్నట్టు అంది.

ఆ మాట చెవిన పడ్డ మా బోటనీ మాస్టారు, హాస్టల్ బాత్‌రూమ్ తూము దగ్గర కూర్చునే గోండ్రు కప్పను బకెట్లో పట్టుకొచ్చారు. ఆయనది ఒంగోలు. మాట్లాడితే మా ఒంగోలు ఎద్దు అనే మనిషి. ఇదిగో కప్ప, తీసుకెళ్ళి వాన తెప్పించుకోండి అన్నారు. వంటామె బకెట్లోకి తొంగి చూసి తల అడ్డంగా ఊపింది.

"ఇది మన స్నానాల నీళ్ళ మీద బతుకుద్ది మాస్టారూ. వానొచ్చినా రాకపోయినా దీనికొకటే. వాన కోసం కాసుకుని ఉండే కప్ప కావాలి."

మాస్టారు పగలబడి నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఇళ్ళ పంచన బతికే కప్ప వేరు, వానతోనే బతుకంతా ముడిపెట్టుకున్న కప్ప వేరు అని నేను క్లాసులో అరగంట చెప్పేదాన్ని. ఆమె రెండు ముక్కల్లో తేల్చేసింది. పైగా లోపల ఎక్కడో రోషం పొడుచుకొచ్చింది. జువాలజీ పాఠాలు చెప్పుకుని జీతం తీసుకుంటూ, నా కాలేజీ చుట్టూ ఉన్న చేలల్లో బతికున్న కప్పను ఒక్కదాన్ని చూపించలేనా? వెతికి తెస్తాను, రెండు రోజులాగమని చెప్పేశాను.

ఆమె వెళ్ళాక మాస్టారు మొదలుపెట్టారు. సైన్సు టీచరు కప్పతల్లికి కప్పను సప్లై చేస్తుందా, పైగా మీరు వేటపాలెం చర్చి బడి పంతులుగారి అమ్మాయి, ఆదివారం పాస్టరు గారికి ఏం జవాబు చెబుతారు అని. వాన సంగతి వాళ్ళు చూసుకుంటారు, కప్ప సంగతి నేను చూసుకుంటాను, మీరు రావాలంటే బూట్లేసుకుని రండి అన్నాను. వచ్చారు. కర్ర ఒకటి పట్టుకుని, నా వెనకే నడిచారు.

పొద్దున క్లాసులకు ముందు, సాయంత్రం క్లాసులయ్యాక తిరిగాం. తిరగడం మొదలుపెడితే ఆ ఎండిపోయిన చేలల్లో ఎంత మంది ఉన్నారో! తుమ్మచెట్టు మీద ఎర్ర గొంతు తొండలు తల ఊపుతూ కూర్చునేవి. నల్లరేగడి పెళ్ళ మీద బొటనవేలంత లావు లేని చిన్న తొండ ఒకటి, గొంతు కింద నీలంగా విసనకర్ర విప్పి మూసి, విప్పి మూసి, ఆడతొండ చూసేదాకా పట్టు వదిలేది కాదు. దాన్ని చూస్తూ మాస్టారు కర్ర సంగతి మరిచిపోయారు. మిరప కల్లం పక్క పాడుబడ్డ బావి గోడకు ఉడుము కరుచుకుని ఉంది. ఎండుటాకుల కింద నలికిరి నున్నగా మెరిసి మాయమయ్యేది. ఒక జెర్రిపోతు మా ముందునుంచే తాపీగా గట్టు దాటింది. అది విషం లేని పామని, ఎలకల్ని తింటుందని నేను వెనక్కి తిరిగి చెప్పేసరికి అక్కడ మాస్టారు లేరు. వచ్చిన దారిలో సగం దూరం వెళ్ళిపోయి, అక్కడినుంచి వివరాలు అడుగుతున్నారు.

అన్నీ ఉన్నాయి. కప్ప లేదు.

మేం చేసిన తప్పు చెబుతాను, మీరు చెయ్యకండి. కప్ప కదా అని తడి ఉన్న చోటల్లా వెతికాం. ఎండిన కాలవలో చివరి మడుగు, బోరు మోటారు కారే చోటు, చెరువు మధ్య బురద. అక్కడ దొరికినవన్నీ బకెట్లో కప్పకు చుట్టాలే. మందులు కొట్టీ కొట్టీ ఈ చేలల్లో కప్పల్ని లేకుండా చేశారని నేను గట్టు మీద నిలబడి ఉపన్యాసం కూడా ఇచ్చాను. మాస్టారు అంతా విని, అయితే ఇంకెందుకు తిరగడం, పదండి అన్నారు. అలా అన్నారనే నేను కదల్లేదు. వాన కోసం కాసుకుని ఉండే కప్ప తడి దగ్గర ఎందుకుంటుంది? పొడి నేలలో, లోపల, నిద్రలో ఉంటుంది. పాఠంలో నేనే చెప్పిన మాట నాకే అంత ఆలస్యంగా తట్టింది.

నేలలో ఉన్నదాన్ని చూడాలంటే తవ్వేవాళ్ళను పట్టుకోవాలి. వంటామె చేను చివర వాగు ఇసుక మేటవేసిన చోట, పక్క స్థలంవాళ్ళు కంచె కోసం రాతి స్తంభాలు పాతిస్తున్నారు. గుంటలు తీసే కూలీల దగ్గరికి వెళ్ళి, మట్టిలో గుండ్రటి పెళ్ళలాంటిది ఏదైనా మెత్తగా తగిలితే గునపం ఆపి నన్ను పిలవమని బతిమాలాను. నా ఉంగరం పోయిందని ఊళ్ళో అనుకున్నారు. మర్నాడు మధ్యాహ్నం భోజనాల వేళకు కబురొచ్చింది. ఉంగరం కాదుగానీ ఏదో ఉంది, రమ్మన్నారు.

మోకాలి లోతు గుంటలో, మట్టి పెళ్ళ విరిగిన చోట, అది ఉంది. నిమ్మకాయంత ఉంటుంది. కాళ్ళూ చేతులూ పొట్ట కిందికి లాక్కుని, కళ్ళు మూసుకుని, ఒంటి నిండా మట్టి రంగు మచ్చలతో ఉంది. చచ్చిందనుకున్నారు కూలీలు. నేను అరచేతిలో పెట్టుకోగానే నెమ్మదిగా ఊపిరి పీల్చి బూరెలా ఉబ్బింది. ఇన్నేళ్ళు పాఠం చెప్పాను గానీ ఇలాంటిది నా చేతిలోకి రావడం అదే మొదటిసారి. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

కబురు తెలిసి వంటామె, ఇంకో నలుగురు ఆడవాళ్ళు రోకలి, వేపమండలు పట్టుకుని పరుగున వచ్చారు. ఇచ్చెయ్యాలి. మాటిచ్చాను. అప్పుడుగానీ నాకు అసలు సంగతి తలకెక్కలేదు. ఇంటికో చెంబు నీళ్ళు దీని మీద పోస్తారు.

నేను వాళ్ళను అక్కడే గట్టు మీద కూర్చోబెట్టాను. ఇది వానలు వెనకబట్టగానే వెనక కాళ్ళతో తవ్వుకుంటూ లోపలికి పోతుంది, ఒంట్లో దాచుకున్న నీటితో నెలల తరబడి ఉంటుంది, పైన పడ్డ వాన తానున్న లోతుదాకా దిగితేనే లేస్తుంది అని చెప్పాను. లేచిన ఆ కొద్ది రోజుల్లోనే తిండీ, పెళ్ళీ, పిల్లలూ. మనం ఇల్లిల్లూ తిప్పి నీళ్ళు పోస్తే వానొచ్చిందనుకుంటుంది. లేస్తుంది. పైన మడుగుండదు, పురుగుండదు, ఇంకో కప్ప ఉండదు. ఎండకు చస్తుంది.

వంటామె నా చేతిలో ఉన్నదాన్నే చూస్తూ ఉండిపోయింది.

"మృగశిరలో నాకు చేసినట్టేగదండీ," అంది చివరికి. "ఒక్క జల్లు చూసి గింజ పెట్టాను. మళ్ళీ దీన్ని నేను మోసం చెయ్యాలా?"

వాళ్ళలో పెద్దామె ఒప్పుకోలేదు. కప్ప లేకుండా కప్పతల్లేంటని గట్టిగానే అరిచింది. వంటామె వాగులోకి దిగి, ఎక్కడో అడుగున ఉన్న బంకమన్ను తవ్వి తెచ్చి, చపాతీ పిండి పిసికే చేతులతో కప్పను చేసింది. కళ్ళకు రెండు మిరప గింజలు పెట్టింది. పెద్దామె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, మూతి బాగా కుదిరిందని ఒప్పుకుంది.

అసలు కప్పను ఎక్కడ వదలాలో నేను చూపించాను. కంచె పక్కన కాకుండా, ఆమె చేలోనే, ఇసుక కలిసిన మెత్తటి మూలన నేల మీద దించాను. అది కాసేపు మమ్మల్ని చూసింది. తరవాత వెనక కాళ్ళతో మట్టి అటూ ఇటూ నెట్టుకుంటూ, ఒళ్ళు కొద్దికొద్దిగా తిప్పుకుంటూ, వెనక్కి వెనక్కి దిగడం మొదలుపెట్టింది. మొహం మా వైపే ఉంది. ముందు పొట్ట పోయింది, భుజాలు పోయాయి, చివరికి రెండు కళ్ళు మిగిలాయి, అవి కూడా పోయాయి. మట్టి కదిలిన గుర్తు కూడా లేదు. వంటామె పక్కన పడి ఉన్న ఎండు కందికట్టె ఒకటి తీసి, దానికి తగలకుండా జానెడు ఎడంగా గుచ్చింది.

కప్పతల్లి ఊరేగింపు జరిగింది. ఊరు సగం తిరిగేసరికి పోసిన నీళ్ళకు మట్టికప్ప కరిగి కారిపోయింది. మిగతా సగం ఊరు ఉత్త రోకలికే నీళ్ళు పోసిందట. వాన రాలేదు.

పునర్వసులో ఒక తెల్లవారుజామున మళ్ళీ జల్లు పడింది. మృగశిర నాటి దానికంటే కాస్త గట్టిదే. పొద్దెక్కేసరికి ఊరంతా విత్తనాల సంచులతో చేలల్లో ఉంది. నేను కాలేజీ గోడ మీంచి చూస్తే వంటామె తన చేలో కందికట్టె దగ్గర గొంతుక్కూర్చుని ఉంది. విత్తనం ప్యాకెట్లు ఒళ్ళో ఉన్నాయి. గట్టు మీద భర్త నిలబడి కేకలేస్తున్నాడు. ఆమె ఎందుకు ఆగిందో ఆయనకు తెలియదుగానీ నాకు తెలుసు. క్లాసుకు బెల్లు కొడుతున్నా వినకుండా వెళ్ళాను.

కట్టె పక్కన నేల మూసే ఉంది. నేను తిన్నగా చెప్పాను. "అమ్మా, అది ఒక్క కప్ప. దాన్ని నమ్ముకుని చేను బీడు పెట్టుకోకు. మనం తవ్వి తీశాం కాబట్టి అది లోపల చచ్చిపోయి ఉన్నా ఉండొచ్చు."

ఆమె నా మొహం చూడకుండా చూపుడువేలు నేలలో గుచ్చి, తీసి చూపించింది. వేలు మొదటి కణుపు దాకానే దిగింది, అక్కడిదాకే తడి మట్టి అంటింది. ఆ కింద నేల ఇంకా పొడిగానే ఉంది.

"దానికి అందని వాన నా గింజకి సరిపోద్దా మేడంగారూ? పోయినసారి ఇట్టాగే సరిపోద్దనుకున్నా. దానికి తెలిసినంత నాకు తెలియలేదు. ఈసారి అది లేచినాకే పెడతా."

ఆ తరవాతి రోజులు నేను ఉద్యోగంలో గడిపిన రోజులన్నిటిలోకీ కష్టమైనవి. పక్క చేలల్లో మొలకలు వచ్చాయి. సాళ్ళు సాళ్ళుగా పచ్చగా, ముచ్చటగా ఉన్నాయి. మధ్యలో ఆమె చేను ఒక్కటే బోడిగా, ఒక కట్టెతో నిలబడి ఉంది. మెస్‌లో నన్ను కప్ప మేడం అనడం మొదలుపెట్టారు. వంటామె భర్త నాతో మాట్లాడటం మానేశాడు. ప్రిన్సిపాల్ గారు పిలిచి, సిలబస్‌లో లేని వ్యవసాయం మీకెందుకండీ అన్నారు. అన్నిటికన్నా నన్ను భయపెట్టింది ఏమిటంటే మాస్టారు ఎగతాళి మానేశారు. ఆమె మాత్రం మామూలుగా ఇడ్లీలు పెట్టేది, మామూలుగా పప్పు తాలింపు వేసేది, మధ్యాహ్నం వెళ్ళి కట్టె చూసుకుని వచ్చేది. ఆమె భయపడలేదని కాదు. ఒకరోజు పప్పులో ఉప్పు రెండుసార్లు వేసేసింది. అయినా ప్యాకెట్లు విప్పలేదు. నేను కూడా రోజూ వెళ్ళి ఆమె పక్కన నిలబడేదాన్ని. చెయ్యడానికి అంతకంటే నా చేతిలో ఏమీ లేదు.

జల్లు పోయింది, ఎండ మళ్ళీ విరుచుకుపడింది. పక్క చేలల్లో మొలకలు తలలు వాల్చాయి, ఎర్రబడ్డాయి, పోయాయి. చాలామందికి అది రెండోసారి. ఆ చేల మధ్య నుంచి నడుస్తుంటే మాకు గెలిచామనిపించలేదు. వంటామె ఒక ఎండిన మొలకను పీకి, వేరు చూసి, జాగ్రత్తగా మళ్ళీ అక్కడే పెట్టింది.

పుష్యమి కార్తెలో ఒక మధ్యాహ్నం నేను బోర్డు మీద గుండె బొమ్మ వేస్తుండగా చీకటి కమ్మింది. ఆ వాన చెప్పనలవి కాదు. కిటికీల్లోంచి చేలు కనబడలేదు. రెండు గంటలు ఆగకుండా కురిసి, సాయంత్రం వెలుతురుండగానే సన్నబడింది. అప్పుడు వినిపించింది. ముందు ఒకటి, దూరంగా. తరవాత ఇంకోటి. తరవాత ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతోందో తెలియకుండా చేలన్నీ అరవడం మొదలుపెట్టాయి. ఈ నేలలో కప్పల్లేవని నేను ఉపన్యాసం ఇచ్చిన గట్టు కింద కూడా అవే.

పుస్తకాలు మూయమన్నాను. బూట్లు వేసుకోండి, నా వెనకే నడవండి, ఎక్కడా చెయ్యి పెట్టకండి అని చెప్పి క్లాసును మెట్లు దించాను. మాస్టారు అడక్కుండానే కర్ర పట్టుకుని చివర నిలబడ్డారు. గేటు దగ్గర ప్రిన్సిపాల్ గారు గొడుగుతో అడ్డం వచ్చారు. సార్, ఏటా నేనడిగే పూట ఇదే, ఉద్యోగం తీసేస్తే రేపు తీసెయ్యండి అన్నాను. ఆయన నన్ను చూశారు, పిల్లల్ని చూశారు, ఆ అరుపులు విన్నారు. ప్యాంటు మడుచుకుని ఆయన కూడా వచ్చారు.

కందికట్టె పక్కకు వాలి ఉంది. దాని పక్కన నేల లోపలినుంచి నెట్టినట్టు పగిలి, గుండ్రటి కన్నం ఒకటి తెరుచుకుని ఉంది. అంతే. పిల్లలు వంగి వంగి చూశారు. ఒకమ్మాయి, కప్ప ఏది మేడమ్, ఇంత దూరం వచ్చి కన్నం చూశామా అంది. పక్క మడుగు వైపు చెవి పెట్టమన్నాను.

ఇంతలో వంటామె వచ్చింది. చేతులకు ఉప్మా రవ్వ ఇంకా అంటుకుని ఉంది. కన్నం దగ్గర కూర్చుని పక్కన నేలలో వేలు గుచ్చింది. వేలు మొత్తం దిగింది. అరచెయ్యి దిగింది. మణికట్టు దాకా పోయింది, తీసి చూస్తే అంతా తడి మట్టి. ఆ చేత్తోనే కళ్ళు తుడుచుకుంది. లేచి, కొంగు నడుముకు దోపుకుని, ప్రిన్సిపాల్ గారి వైపు తిరిగింది.

"రేపు పొద్దున టిఫిను ఎవరన్నా చూసుకోండి సార్. నేను గింజ పెట్టుకోవాలి."

ఆయన తల ఊపారు. మర్నాడు మా బోటనీ మాస్టారు దగ్గరుండి చేయించిన ఉప్మా అడుగంటింది. పిల్లలు కిటికీలోంచి చేను చూస్తూ తిన్నారు, ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదు. ఆ ఏడు ఆమె పత్తి ఆలస్యంగా విచ్చింది. కౌలు మాత్రం వదులుకోలేదు.